మా ఫ్యాక్టరీ గోడ మీద వాలిన చిమ్మట కొత్త జాతేనా? (మలావీ నుంచి)

చోలో_శీను · డిసెంబర్ 9

అందరికీ నమస్తే. మాది తెనాలి దగ్గర. ఆరేళ్లుగా ఆఫ్రికాలోని మలావీ దేశంలో ఉంటున్నా. థ్యోలో జిల్లాలో ఒక టీ ఫ్యాక్టరీలో కరెంటు పని నాది. (రాసేది థ్యోలో, పిలిచేది చోలో.) వానలు మొదలయ్యాక మా లోడింగ్ షెడ్డు దగ్గరున్న పాత మెర్క్యురీ దీపం కింద తెల్లారేసరికి గోడ కనపడదు, అన్నీ రెక్కలే. మొన్న రాత్రి వాటిలో ఒకటి నా అరచెయ్యంత ఉంది. ఇటుకరంగు ఒళ్లు, వెనక రెక్కల మీద నారింజరంగు కన్ను, దాని చుట్టూ నల్ల వలయం. ఫోన్ యాప్‌లో పెడితే మూడుసార్లు మూడు పేర్లు చెప్పింది. అంటే ఎవరూ ఇంకా పేరు పెట్టనిదేమో అని ఆశ. ఐదు ఫొటోలు పెడుతున్నా. కొత్త జాతి అయితే మా అమ్మ పేరు పెట్టాలని ఉంది. దానికి ఎవరికి అర్జీ పెట్టుకోవాలి?

పురుగుల_పంతులు · డిసెంబర్ 9

శీనూ, నీ ఆశ మీద నీళ్లు చల్లక తప్పట్లేదు. అది బునేయా ఆల్సినోయి. స్టోల్ అనే ఆయన 1780లోనే పేరు పెట్టేశాడు. సహారా ఎడారికి దిగువన ఆఫ్రికాలో చాలా దేశాల్లో ఉంటుంది. దాని గొంగళిపురుగుల్ని కొన్నిచోట్ల వేయించుకుని తింటారు కూడా. మీ ఊరి సంతలో అడిగి చూడు.

యాప్‌కి తెలియకపోతే లోకానికే తెలియదని కాదు నాయనా. వ్యవసాయ శాఖలో ముప్ఫై ఏళ్లు పనిచేశాను. ప్రతి సీజన్‌లోనూ ఎవరో ఒక రైతు డబ్బాలో పురుగు పట్టుకొచ్చి "ఇది ఎప్పుడూ చూడలేదు సార్, కొత్తది" అనేవాడు. నూటికి తొంభైతొమ్మిది సార్లు పాతదే.

చెన్నూరు_చిన్నోడు · డిసెంబర్ 9

అన్నా, గా కన్ను జూస్తే మా దసలి పట్టుపురుగే యాదికొచ్చింది. మా తాత అడవిల మద్దిచెట్ల మీద పెంచేటోడు. కాయ పగలగొట్టుకొని బయటికొచ్చిన రెక్కల పురుగు అచ్చం గిట్లనే ఉంటది, రంగే జర పసుపు. మరి ఆఫ్రికాల ఉన్నదానికి, మా చెన్నూరుల ఉన్నదానికి ఏమన్న చుట్టరికం ఉన్నదా?

పురుగుల_పంతులు · డిసెంబర్ 10

ఉంది. రెండూ సాటర్నీడే కుటుంబమే. రెక్కలొచ్చాక వీటికి తిండి ఉండదు, నోరు పనిచేయదు. గొంగళిగా ఉన్నప్పుడు తిన్నదాంతోనే బతికి, జత కట్టి, గుడ్లు పెట్టి పోతాయి. మీ తాతగారికి ఈ సంగతి నాకంటే బాగా తెలిసే ఉంటుంది.

ల్యాబ్_లలిత · డిసెంబర్ 11

ఆలస్యంగా చూశాను. శీను గారూ, పెద్దదాన్ని వదిలేయండి. మీ నాలుగో ఫొటోలో కుడివైపు స్విచ్ బాక్సు పక్కన విసనకర్రలా తెరుచుకుని ఒక చిన్నది కూర్చుంది చూశారా? గోటి కంటే కాస్త పెద్దది, గోధుమ, పసుపు చారలతో. దాన్ని దగ్గరగా తీసిన ఫొటో ఏమైనా ఉందా? ఉంటే రెక్కల అంచులు లెక్కపెట్టండి.

చోలో_శీను · డిసెంబర్ 11

అదా! పిట్ట ఈక ఊడి గోడకి అంటుకుందనుకున్నా మేడం. పెద్దది చేసి చూస్తే ఒక్కో రెక్కా చీలికలు చీలికలుగా ఉంది. ఒక పక్క ఆరు లెక్కపెట్టా, మిగతాది మసక. ఇది చిమ్మటేనా?

ల్యాబ్_లలిత · డిసెంబర్ 11

చిమ్మటే. అల్యుసిటిడే కుటుంబం. ఒక్కో రెక్క ఆరు ఈకలుగా చీలి ఉంటుంది, నాలుగు రెక్కలకు మొత్తం 24. యూరప్‌లో దొరికే దానికి లిన్నేయస్ 1758లో హెక్సాడాక్టిలా అని పేరు పెట్టాడు, ఆరు వేళ్లది అని అర్థం. ఆయన లెక్క సరిగ్గానే ఉంది. ఇంగ్లీషువాళ్లు మాత్రం దాన్ని ఇరవై ఈకల చిమ్మట అంటారు, మిగతా నాలుగూ ఎక్కడ పోయాయో.

నాకెందుకు ఆసక్తి అంటే, ఆఫ్రికాలో పెద్ద పెద్ద చిమ్మటలకు యూరప్ నుంచి వచ్చి సేకరించినవాళ్లు వందేళ్ల కిందటే చాలావరకు పేర్లు పెట్టేశారు. పేర్లు లేనివి ఇలాంటి చిన్నవాటిలోనే ఎక్కువ. ఈ కుటుంబంలోనే ఉస్త్యుజానిన్, కొవ్తునోవిచ్ అనే ఇద్దరు రష్యన్ నిపుణులు మలావీ, టాంజానియా, ఉగాండాల నుంచి ఈ కొన్నేళ్లలో ఎన్నో కొత్త జాతుల్ని వర్ణించారు. మీ గోడ మీదిది కొత్తదని నేను అనడం లేదు. కొత్తది కాదని పంతులు గారు మొదటిదాని గురించి చెప్పినంత ధైర్యంగా దీని గురించి ఎవరూ ఫొటో చూసి చెప్పలేరు. నేను చెప్పేది అంతే.

(నేను బెల్జియంలో ఒక మ్యూజియంలో చిమ్మటల సొరుగుల మధ్య బతుకుతున్న మనిషిని. అందుకే ఈ చాదస్తం.)

డీఎన్ఏ_డేవిడ్ · డిసెంబర్ 12

ఇంత తర్జనభర్జన ఎందుకు? ఒక కాలు తెంపి సీక్వెన్స్ చేస్తే, అంటే దాని డీఎన్ఏ అక్షరాలు వరసగా చదివితే సరి. మైటోకాండ్రియాలో ఒక జన్యువు, అందులో 658 అక్షరాలు. కెనడాలో పాల్ హెబర్ట్ బృందం 2003లోనే ఈ బార్‌కోడ్ పద్ధతి ప్రతిపాదించింది. డేటాబేస్‌లో ఏదీ దగ్గరగా రాకపోతే కొత్త జాతి. నేను హైదరాబాద్‌లో చేసేది ఇదే పని, చేపల మీద.

ల్యాబ్_లలిత · డిసెంబర్ 12

డేవిడ్ గారూ, చేపల సంగతి నాకు తెలియదు గానీ చిమ్మటల్లో రెండు చిక్కులు. ఒకటి, డేటాబేస్‌లో లేనంత మాత్రాన పేరు లేదని కాదు. ఎప్పుడో 1900 ప్రాంతంలో పేరు పెట్టినవాటి అసలు నమూనాల్లో చాలావాటిని ఇంతవరకు ఎవరూ సీక్వెన్స్ చేయలేదు. రెండోది, వోల్బాకియా. ఈ బ్యాక్టీరియా తల్లి నుంచి పిల్లలకు మైటోకాండ్రియాతో పాటే వెళ్తుంది, పోతూ పోతూ ఆ డీఎన్ఏని కూడా తన వెంట ఈడ్చుకెళ్తుంది. దాంతో రెండు వేరు జాతులకు ఒకే బార్‌కోడ్ రావచ్చు, ఒకే జాతికి రెండు రావచ్చు.

బార్‌కోడ్ వద్దనడం లేదు, నేనూ చేయిస్తాను. దాంతోపాటు పొట్ట కోసి కూడా చూస్తాను.

డీఎన్ఏ_డేవిడ్ · డిసెంబర్ 12

మరి డార్విన్ చిమ్మట? మడగాస్కర్‌లో ఒక ఆర్కిడ్ పువ్వుకి అడుగు పొడవు తేనెగొట్టం చూసి, దీన్ని తాగగలిగేంత నాలుక ఉన్న చిమ్మట ఉండి తీరాలని డార్విన్ 1862లో రాశాడు. 1903లో దొరికింది. కానీ ఆఫ్రికా ఖండంలో ఉన్న జాతికి ఉపజాతి మాత్రమేనన్నారు. 2021లో గదా ప్రత్యేక జాతిగా నిలబడింది, అదీ బార్‌కోడ్‌లో 7.8 శాతం దాకా తేడా కనపడ్డాక!

ల్యాబ్_లలిత · డిసెంబర్ 13

మంచి ఉదాహరణ ఇచ్చారు, కానీ అది నా వాదనకే బలం. ఆ 2021 పేపర్లో వాళ్లు డీఎన్ఏ ఒక్కటే చూసి ఊరుకోలేదు. నాలుక పొడవు కొలిచారు, ఒంటి కింది రంగు చూశారు, ఖండంలోని వాటిని పక్కన పెట్టి పోల్చారు. లండన్ మ్యూజియంలో ఉన్న ఒకదాని నాలుక 28.5 సెంటీమీటర్లు! ఇంకో సంగతి, అది కొత్తగా అడవిలో దొరికింది కాదు. వందేళ్లకు పైగా సొరుగుల్లోనే ఉంది. రాత్‌షీల్డ్, జోర్డాన్ 1903లో పెట్టిన "ప్రెడిక్టా" పేరునే జాతి పేరుగా పైకి తెచ్చారు. కొత్తగా పేరు పెట్టే అవసరమే రాలేదు. పాత పేరు ఉంటే పాతదే చెల్లుతుంది.

పురుగుల_పంతులు · డిసెంబర్ 13

పొట్ట కోయడం దగ్గర లలితమ్మ మాటే నాదీ. మా గుంటూరు వాళ్లందరికీ తెలిసిన పొగాకు లద్దె పురుగు, ఆఫ్రికాలో పత్తిని తినే దాని అన్న, రెండూ స్పొడోప్టెరాలే. రెక్కల పురుగుల్ని పక్కపక్కన పెడితే నా గురువులు కూడా తేడా చెప్పలేకపోయేవారు. ఓడరేవులో దొరికితే ఏది ఏదో తేల్చాలంటే పొట్ట చివర కోసి చూడాల్సిందే. ఆ వంశంలోదే కత్తెర పురుగు. అమెరికా నుంచి వచ్చి 2016లో పశ్చిమ ఆఫ్రికాలో బయటపడింది, 2018కి కర్ణాటక చేరి, మన మొక్కజొన్నలోకి దిగింది. దాన్నయితే గొంగళి దశలోనే పట్టేయొచ్చు: తల మీద తిరగేసిన "వై" ఆకారం, తోక వైపు చతురస్రంగా నాలుగు చుక్కలు. అన్నీ అంత సులువుగా ఉంటే మాకు పనేముంది?

చెన్నూరు_చిన్నోడు · డిసెంబర్ 13

పొట్ట కోసి ఏం జూస్తరక్కా? గంత చిన్నదాన్ల ఏం కనవడ్తది?

ల్యాబ్_లలిత · డిసెంబర్ 14

అడిగారు కాబట్టి విడమరిచి రాస్తాను.

ఎండిన చిమ్మట పొట్టను మెల్లగా విరిచి, పదిశాతం పొటాషియం హైడ్రాక్సైడ్‌లో నానబెడతాం. రాత్రంతా చల్లగా ఉంచొచ్చు, తొందరైతే వేడి చేయొచ్చు. వేడి ఎక్కువైతే అంతా గంజి అయిపోతుంది, ఆ పాపం నేనూ మూటగట్టుకున్నా. కండ, కొవ్వు కరిగిపోయి గట్టి పెంకు భాగాలే మిగులుతాయి. సన్నటి కుంచెతో లోపలి చెత్త, బయటి పొలుసులు తోసేసి, రంగు ఎక్కించి, గాజు పలక మీద యూపరాల్ అనే జిగురులో పరిచేస్తాం. మగదాంట్లో ఆడదాన్ని పట్టుకునే రెండు పటకార్లలాంటివి ఉంటాయి, వాటిని వాల్వాలు అంటాం. పైన కొక్కెంలాంటి అంకస్. మధ్యలో గొట్టం. ఆడదాంట్లో లోపల ఒక సంచి. వీటి ఆకారం జాతిని బట్టి మారుతుంది. రెక్కల మీది చారలు అచ్చుగుద్దినట్టు ఒకేలా ఉన్నా లోపల కొక్కెం ఒకదానికి రెండుగా చీలి ఉంటుంది, ఇంకోదానికి మొద్దుగా ఉంటుంది. తాళానికి తాళంచెవి లాంటిదని పాతకాలం వాళ్లు అనేవారు. ఇప్పుడు ఆ వివరణ అన్నిచోట్లా ఒప్పుకోరు గానీ గుర్తుపట్టడానికి మాత్రం అదే దిక్కు.

ఆ గాజు పలక మీద నంబరు వేసి చిమ్మట సూదికి కూడా అదే నంబరు తగిలించాలి. అది మరిచిపోతే పలకొక అనాథ, చిమ్మటొక అనాథ.

చోలో_శీను · డిసెంబర్ 14

మేడం, నిన్న రాత్రి మళ్లీ ఒకటి వాలింది. గ్లాసు బోర్లించి పట్టుకున్నా, ప్రాణంతోనే ఉంది. కవర్లో పెట్టి మీ అడ్రసుకి పోస్టు చేయనా?

ల్యాబ్_లలిత · డిసెంబర్ 14

వద్దు! దయచేసి వదిలేయండి. అనుమతి లేకుండా వచ్చినదాన్ని మా మ్యూజియం తీసుకోదు, తీసుకోకూడదు కూడా.

మోడరేటర్ · డిసెంబర్ 14

ఇక్కడ ఎవరూ నమూనాలు పంపుకునే ఏర్పాట్లు చేసుకోవద్దు. ఈ విషయం మీద చర్చ వరకైతే అభ్యంతరం లేదు.

చోలో_శీను · డిసెంబర్ 15

నాకు కాస్త కోపమే వచ్చింది, దాచుకోను. రోజూ ఉదయం మా క్లీనర్ చీపురుతో తట్టెడు చిమ్మటలు ఊడ్చి పారేస్తాడు. దానికి అనుమతి అక్కర్లేదు. ఒక్కదాన్ని శాస్త్రం కోసం పంపుతానంటే తప్పా?

పురుగుల_పంతులు · డిసెంబర్ 15

కోపం న్యాయమే. కానీ అవతలి వైపు నుంచి చూడు. వలస పాలకుల కాలంలో ఆఫ్రికా పురుగులన్నీ పెట్టెల్లో లండన్, బ్రస్సెల్స్, బెర్లిన్ చేరాయి. ఇప్పుడు మలావీ కుర్రాడెవరైనా తన ఊరి చిమ్మట పేరు సరిచూసుకోవాలంటే వీసా తీసుకుని అక్కడికి పోవాలి. మన దేశం పరిస్థితీ అంతే, చాలా వాటికి. అందుకే 2010లో నగోయా ఒప్పందం చేసుకున్నారు, 2014 నుంచి అమల్లో ఉంది. ఏ దేశపు జీవసంపద ఆ దేశం అనుమతితోనే కదలాలి, లాభంలో వాటా ఉండాలి అని. ఒక చిమ్మటలో లాభం ఏముంటుందంటావా? ఉండదు. చట్టం చిమ్మటకో లెక్క, మందుమొక్కకో లెక్క చూడదు.

ల్యాబ్_లలిత · డిసెంబర్ 15

పంతులు గారు చెప్పినదాంట్లో మా మ్యూజియం లాంటివాళ్ల మీద చురక ఉంది, ఒప్పుకుంటున్నాను. ఇప్పుడు అసలు నమూనాల ఫొటోలు నెట్‌లో పెట్టే పని సాగుతోంది, కానీ నత్తనడక.

శీను గారూ, దగ్గరి దారి ఇది. మలావీలోనే పురుగుల మీద పనిచేసేవాళ్లని, ఇప్పటికే అనుమతి ఉన్నవాళ్లని పట్టుకోండి. వాళ్లు మీ షెడ్డుకి వచ్చి పట్టుకుంటే అంతా సక్రమం. అసలు నమూనా ఏ దేశంలో ఉండాలో కూడా వాళ్లే నిర్ణయించుకుంటారు.

డీఎన్ఏ_డేవిడ్ · డిసెంబర్ 16

అసలు చంపకుండా ఫొటోతోనే వర్ణించొచ్చు కదా? దక్షిణాఫ్రికాలో ఒక ఈగని 2015లో అలాగే చేశారని చదివాను.

ల్యాబ్_లలిత · డిసెంబర్ 16

చేశారు. మార్లీమియా జైలోకోపే. వడ్రంగి తుమ్మెదలా కనిపించే ఈగ. పట్టుకోబోతే తప్పించుకుంది, ఫొటోలు మిగిలాయి. మార్షల్, ఎవెన్‌హ్యూస్ ఆ ఫొటోలతోనే పేరు పెట్టారు. ఎంత గొడవైందంటే సగం మంది శాస్త్రవేత్తలు ఇది నాశనానికి దారి అన్నారు, సగం మంది తప్పేముందన్నారు. జంతువులకు పేర్లు పెట్టే అంతర్జాతీయ నియమావళి దాన్ని నిషేధించలేదు. ఆ ఈగ అంత విలక్షణంగా ఉంది కాబట్టి సరిపోయింది. మన ఈకల చిమ్మటకి తేడా అంతా పొట్టలోపలే ఉంది, దాన్ని కెమెరా చూడలేదు.

చెన్నూరు_చిన్నోడు · డిసెంబర్ 16

సరే గని పేరు ముచ్చట చెప్పుండ్రి. శీనన్న వాళ్లమ్మ పేరేందో?

చోలో_శీను · డిసెంబర్ 16

సుబ్బలక్ష్మి. నిన్న ఫోన్‌లో చెప్తే "నీకు పురుగే దొరికిందంట్రా నా పేరు పెట్టడానికి" అని తిట్టింది.

ల్యాబ్_లలిత · డిసెంబర్ 17

ఆడవాళ్ల పేరైతే చివర "ఏ" చేర్చాలి, మగవాళ్లయితే "ఐ". అంటే అల్యుసిటా సుబ్బలక్ష్మీయే. వినడానికి బాగానే ఉంది, అమ్మగారికి చెప్పండి. నీ పేరు నువ్వే పెట్టుకోకూడదని నియమావళిలో లేదు గానీ, పెట్టుకుంటే జీవితాంతం నవ్వుతారు. ఇంకో మాట, పేరు పెట్టే హక్కు పేపరు రాసేవాళ్లది, పట్టుకున్నవాళ్లది కాదు. మర్యాదకి అడుగుతారు.

పేరు చెల్లాలంటే వర్ణన అచ్చవ్వాలి, ఇది కొత్త జాతి అని స్పష్టంగా రాయాలి, ఒక్క నమూనాను హోలోటైప్‌గా (ఆ పేరుకి ఆధారంగా నిలిచే అసలు నమూనాగా) ఎంచి ఎక్కడ భద్రపరిచారో చెప్పాలి. 2012 నుంచి నెట్‌లో మాత్రమే వచ్చే పత్రికైతే జంతువుల పేర్ల రిజిస్టరు జూబ్యాంక్‌లో నమోదు కూడా ఉండాలి. ఇక్కడ చర్చలో మనం ఎన్ని పేర్లు పెట్టుకున్నా అవి చెల్లవు, వట్టి పేర్లు.

పురుగుల_పంతులు · డిసెంబర్ 17

మీ ఊరి పేరే పెట్టొచ్చు. చోలోయెన్సిస్ అని ఒక పిట్ట ఉంది ఇప్పటికే, థ్యోలో అలీథి. అప్పట్లో ఊరి పేరు చోలో అనే రాసేవారు, పిట్ట పేరులో ఆ పాత స్పెల్లింగే ఉండిపోయింది. ఆ పిట్ట ఉన్న థ్యోలో కొండ అడవి మాత్రం దాదాపు పోయిందని చదివాను. నిజమేనా?

చోలో_శీను · డిసెంబర్ 18

నిజమే మాష్టారూ. కొండ మీద ఇప్పుడు మొక్కజొన్న, అరటి కనిపిస్తాయి. పాత చెట్లు ఎస్టేట్ల లోపల వాగుల పక్కన కాసిన్ని ఉన్నాయి. మా షెడ్డు వెనక అలాంటి వాగొకటి ఉంది. అది చూసే ఆ చిన్నది వస్తోందేమో.

చోలో_శీను · ఫిబ్రవరి 2

అప్‌డేట్. ఇక్కడి యూనివర్సిటీ టీచరొకరు, ఆయన ఇద్దరు స్టూడెంట్లు అనుమతి కాగితాలతో వచ్చారు. వాగు పక్కన తెల్ల దుప్పటి కట్టి దీపం పెట్టారు. మూడు రాత్రులు. రెండో రాత్రి కుండపోత, ఆ రాత్రే అన్నిటికంటే ఎక్కువ వాలాయి. మన ఈకలది మూడు దొరికాయి. ఒక్కోదాన్ని చిన్న గొట్టంలోకి ఎక్కించి, తర్వాత వెంట్రుకంత సూదికి గుచ్చి, ఒక కాలు తెంపి ఆల్కహాల్‌లో వేశారు. చీటీ మీద ఊరు, ఎత్తు, తేదీ, పట్టినవాళ్ల పేర్లు. నాదీ రాశారు! పిల్లలు దీన్ని చూసి గులుగుఫే అన్నారు. ఇక్కడి చిచేవా భాషలో సీతాకోకచిలుకని అలాగే అంటారు.

డీఎన్ఏ_డేవిడ్ · ఫిబ్రవరి 2

బార్‌కోడ్ రాగానే చెప్పండి. పందెం: కొత్తదే.

ల్యాబ్_లలిత · జూన్ 20

శీను గారి తరఫున, ఆ టీచరు గారి అనుమతితో రాస్తున్నాను. పలకల ఫొటోలు నాకూ పంపారు. మూడింట్లో ఒకటి మగది. దాని వాల్వాలు, అంకస్ టాంజానియా కొండల నుంచి ఇంతకుముందే వర్ణించిన ఒక జాతికి సరిగ్గా సరిపోయాయి. కాబట్టి కొత్త జాతి కాదు. డేవిడ్ గారూ, ఆ జాతికి బార్‌కోడే లేదు డేటాబేస్‌లో. మీ పద్ధతి ప్రకారం పోయుంటే దానికి రెండో పేరు పెట్టి నవ్వులపాలయ్యేవాళ్లం.

రెండు ఆడవాటిలో ఒకటి ఈ మగదానికి జత, డీఎన్ఏ కలిసింది. రెండోది కలవలేదు, లోపలి సంచి కూడా వేరేలా ఉంది.

డీఎన్ఏ_డేవిడ్ · జూన్ 20

పందెం సగం ఓడిపోయా. మరి ఆ రెండోది కొత్తదే కదా, రాసేయొచ్చుగా?

ల్యాబ్_లలిత · జూన్ 21

ఒకే ఒక్క ఆడదానితో రాయకూడదని నియమం లేదు. కానీ ఈ గుంపులో కొన్ని జాతులకు మగది మాత్రమే దొరికి, దాంతోనే పేరు పెట్టారు. మన ఆడది వాటిలో ఒకదాని పెళ్లామే అయితే? తొందరపడి పేరు పెడితే తర్వాత ఎవరో దాన్ని పర్యాయపదాల జాబితాలో పడేస్తారు. మగది దొరకాలి. టీచరు గారూ అదే అన్నారు.

చెన్నూరు_చిన్నోడు · జూన్ 21

గంటే ఇప్పుడు సుబ్బలక్ష్మమ్మకు పెండ్లికొడుకును ఎతకాలె.

చోలో_శీను · జూన్ 22

అదే కష్టమొచ్చింది తమ్ముడూ. మొన్న నెలలో ఫ్యాక్టరీ అంతా ఎల్ఈడీ దీపాలు వేశాం. నేనే బిగించా. కరెంటు బిల్లు సగమైంది, గోడ మీద చిమ్మట ఒక్కటీ లేదు. పాత మెర్క్యురీ దీపాలన్నీ స్టోర్‌కి పంపమన్నారు. ఒకటి మాత్రం షెడ్డు వెనక వాగు వైపు వదిలేశా, స్విచ్ వేరేగా పెట్టి. వానలు నవంబర్‌లో వస్తాయి. టీచరు గారికి తేదీలు రాశాను. మా క్లీనర్‌కి కూడా చెప్పా, ఆ గోడ దగ్గర మాత్రం నేను చూశాకే చీపురు పెట్టమని.